ఆరుకు ఎనిమిది

మెట్ల కింది అర్ర.
మొన్నటిదాక అండ్ల
కాలిపోయిన నీళ్ల మోటరు, రెండు సొట్టల బిందెలు,
ఎవరి పెండ్లిదో తెల్వని షామియానా తాడు.
అన్ని బయటేసి, టేపు పట్టి కొలిచిన.
ఆరుకు ఎనిమిది.
రవికకైతే మస్తు గుడ్డ,
అర్రకైతే బిగుతు,
ఒక్క ఇంచు లూజు లేదు.

మండిబజార్ల షట్టరు దించినంక
మిషిని ఆటోల వచ్చింది,
తాళ్లతోని కట్టించుకొని, నిలబడి,
రంగశాయిపేట దాక పైడల్ ఊపుకుంట.
పక్కన ఆయన, ఒడిల ఇస్త్రీపెట్టె.
ఇరవై తొమ్మిదేండ్ల దుకాణం
ఒక్క ట్రిప్పుల ఒడిసింది.

ఆయనకు రెడీమేడ్ల మీద కోపం.
నాకు మాత్రం, చెప్తే పాపం గని,
ఆటో వచ్చి ఇంటిముంగట ఆగంగనే
లోపల ఎక్కడ్నో
సూదిల దారం ఎక్కినట్టయింది.

ఇన్నేండ్లు నా వంతు ఏంది?
అక్కడ కుట్టినయి సంచిల ఇంటికొచ్చేటియి.
దర్వాజల కూసొని, పొద్దున్నంతసేపు
హుక్కులు, కాజాలు, తురుపాయి.
పేరు ఆయనది,
ముడి నాది.

మిషిని కిటికి కాడికి జరిపిన.
"ఎలుగు కుడిదిక్కుకెల్లి రావాలె" అన్నడు.
ఆయనది ఎడమచేతి వాటం.
నాది కాదు.
తిప్పి పెట్టిన.

గోడకు మొలలు, మొలకో రీలు.
వరుస పెట్టబోతే తెలిసింది
ఎరుపులల్లనే పదకొండు ఎరుపులున్నయని:
కుంకుమది, దానిమ్మ గింజది, ఇటుకపొడిది,
చపాట మిర్పకాయ ఎండకముందొకటి
ఎండినంకొకటి.
బిస్కిట్ల డబ్బల గుండీలు, గోలీల సీసల హుక్కులు,
కింది అరల అస్తర్లు.
కైంచికి ఎత్తుల ఒక మొల కొట్టి,
దీనితోని కాయితం కోస్తె ఊకోనని
ఇంట్ల అందరికి చెప్పిన.
ఇంట్ల అందరంటే ఆయనొక్కడే.

కొలతల బుక్కుకు తాడు కట్టి
కిటికి చువ్వకు ఏలాడదీసిన.
ఫర్జానా ఛాతి పోయినేడు ముప్పైనాలుగు,
ఈయేడు ముప్పైఒకటి.
ఏమైందని అడుగలే.
కుట్టు లోపట రెండించుల గుడ్డ మడిచి పెట్టిన,
మళ్ల కోలుకుంటె ఇప్పుకోవచ్చునని.

కత్తిరించెటందుకు బల్ల లేదు.
దుకాణం బోర్డు ఉన్నది, ఐదడుగుల టేకుచెక్క.
ఇటుకల దొంతుల మీద బోర్లేసిన,
మొకం కిందికి.
ఆయన చూసిండు.
"గరుకున్నది, గుడ్డకు పేడు తట్టుకుంటది" అన్నడు.
గంటసేపు గీకుడు కాయితం పెట్టి రుద్దిండు.
ఇంకో మాట అనలే.

బతుకమ్మ పదిరోజులున్నదనంగ
నలభైరెండు రవికలు.
కరెంటు పోతది, వస్తది,
పైడల్‌కు దానితోని పనిలేదు.
నేను మిషిని మీద.
ఆయన దర్వాజల, పొద్దుకు ఎదురుంగ,
అద్దాలు ముక్కు మీదికి జార్చి
హుక్కులు కుడుతాండు.
గంత టైలరుకు హుక్కు కుట్టుడు రాదు!
మొదటి రోజు మూడు రవికలకు
అన్ని తలకిందులే.
ఆయన పండుకున్నంక ఇప్పి కుట్టిన.
చెప్పలే.

నిన్న రాత్రి సూది పడ్డది.
పాత రేడియోల అయస్కాంతం దారానికి కట్టి
బోర్డు కిందికి దూరిండు.
సూది దొరికింది,
నాలుగు గుండుసూదులు, ఒక రూపాయి బిళ్ల కూడ.
అయినా బయటికి రాడు.
వంగి చూస్తె
ఎల్లెలుకల పండుకొని
పెచ్చులూడిన తన పేరు చదువుతాండు.
"ఓదెలు. లు కింద కొమ్ము పోయింది," అన్నడు,
"ఓదెల అయిపోయిన.
మనిషిని కాదిగ, ఊరిని."

"రంగెయ్యాల్నా?"
"ఎందుకు, గుడ్డలకు అంటడానికా?"

జెరసేపు ఇద్దరం ఊకున్నం.
పైన సగం కోసిన గౌను అంచు
ఫ్యాన్ గాలికి కొట్టుకుంటాంది.

"రూపాయి ఇటియ్యి," అన్న,
"అర్ర నాది."
"బోర్డు నాది" అన్నడు
కిందికెల్లే.